దొంగ గుడ్లు

జూలో పాముల గదికి వచ్చేవాళ్ళు అడిగేవి ఎప్పుడూ అవే ప్రశ్నలు. అది పగబడుతుందా? పాలు తాగుతుందా? మిమ్మల్ని గుర్తుపడుతుందా? ఆ గదిని కనిపెట్టుకుని ఉండే ఆయన కూడా అందరికీ ఒకే జవాబు చెప్పేవాడు. "దానికి ఆకలి తెలుసు, భయం తెలుసు. అంతకు మించి ఏమీ తెలీదు బాబూ. పగబట్టాలంటే మనసుండాలి. ఆ జబ్బు మనకే." జనం నవ్వేవాళ్ళు. పిల్లలు మాత్రం నమ్మనట్టు మొహం పెట్టి, "టాటా పాముల తాతా!" అని అరిచి వెళ్ళిపోయేవాళ్ళు. జుట్టు తొందరగా నెరిసిపోవడంతో, ఇంట్లో మనవలు లేకుండానే ఊరందరికీ తాత అయిపోయాడాయన.

ఆయన పాముల కోసం పుట్టినవాడేం కాదు. మొక్కలకు నీళ్ళు పెట్టే పనికి చేరాడు. అప్పటికి పాములు చూసే మనిషి పని మానేసి వెళ్ళిపోతే, "నువ్వు చూస్తావా?" అని పెద్దసారు అడిగాడు. కాదంటే ఆయన నొచ్చుకుంటాడేమోనని సరేనన్నాడు. అంతే, జీవితం అటు తిరిగిపోయింది. కొత్తగా కాపురానికి వచ్చిన భార్య మొదట్లో ఆయన్ని గుమ్మం దాటనిచ్చేది కాదు. పెరట్లోనే స్నానం చేయించి, చొక్కా దులిపి, జేబులు తిరగేసి చూసి మరీ లోపలికి రానిచ్చేది. జేబులో పాము పెట్టుకుని ఎవడొస్తాడే అని అడిగితే, "మీరు మొహమాటస్తులు, అది వస్తానంటే వద్దనలేరు" అనేది.

ఆ మాటలో అబద్ధం లేదు. ఎదుటి మనిషి కళ్ళలో నీళ్ళు చూడలేకపోవడమే ఆయన జబ్బు. ఏ తగువైనా పాము చావకుండా, కర్ర విరగకుండా తేల్చేయాలని చూసేవాడు. ఒకసారి భార్యకీ, ఆయన అక్కగారికీ కుట్టుమిషను దగ్గర మాటామాటా పెరిగి రాకపోకలు ఆగిపోయాయి. ఈయన అక్క దగ్గరికి వెళ్ళి, నీ మరదలు తప్పయిపోయిందని ఏడుస్తోందన్నాడు. ఇంటికొచ్చి, మా అక్క నిన్ను తలుచుకుని కుమిలిపోతోందన్నాడు. ఇద్దరూ ఎదుటివాళ్ళే తగ్గారనుకుని, పోనీలే పాపం అని తగ్గారు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఈయనవి అలాగే అతుక్కునేవి. అదే ఆయన కొంప ముంచింది.

ఒక్కతే కూతురు. చిన్నప్పుడు బడి వదలగానే తిన్నగా పాముల గదికి వచ్చేసేది. ఆ గదిలో ఒక ఆడ కొండచిలువ ఉండేది. దాని నడక చూసి దానికి నిదానం అని పేరు పెట్టింది కూడా ఆ పిల్లే. అద్దానికి ఇవతల ఈ పిల్ల చెంప ఆనించేది, అవతల నిదానం తల ఆనించి పడుకునేది. "నాన్నా, దానికి నేనంటే ఇష్టమా?" అని అడిగితే, ఊరందరికీ చెప్పే జవాబు ఆయన నోటికి వచ్చేది కాదు. "ఇష్టమేమిటి తల్లీ, నువ్వంటే ప్రాణం. నువ్వు రాని రోజు సరిగా తినను కూడా తినదు" అనేవాడు. ఆ పిల్ల పెద్దదయ్యాక ఒకనాడు, అద్దం ఆ మూల వెచ్చగా ఉండేందుకు లోపల దీపం పెట్టారని తనే కనిపెట్టింది. అప్పుడు కోపం తెచ్చుకోలేదు. నవ్వేసి, "నువ్వు భలేవాడివి నాన్నా" అంది.

పెళ్ళయింది. అల్లుడు ఓడలో పనిచేస్తాడు, నెలల తరబడి సముద్రం మీదే ఉంటాడు. అందుకని కూతురు కడుపుతో పుట్టింటికి వచ్చింది. రావాల్సిన సమయానికి ముందే నొప్పులు వచ్చాయి. రక్తపోటు పెరిగిపోయి, ఆపరేషను చేసి బిడ్డని తీశారు. ఆడపిల్ల. ఏడవలేదు. నర్సు ఆ బిడ్డని గుడ్డలో చుట్టి బయటికి తెచ్చినప్పుడు వరండాలో ఈయన ఒక్కడే ఉన్నాడు. భార్య మందుల కోసం కిందికి వెళ్ళింది. ఎవరో ఒకరు చేతులు చాపాలి కాబట్టి చాపాడు.

కూతురికి ఇంకా పూర్తిగా తెలివి రాలేదు. రక్తపోటు తగ్గేదాకా కొంచెం జాగ్రత్తగా చూసుకోండి అన్నాడు ఆసుపత్రి డాక్టరు. చెప్పొద్దని ఆయన అనలేదు. ఆ మాటని పట్టుకుని ఈయనే కథ అల్లాడు. కళ్ళు తెరిచి, "ఏదీ?" అని కూతురు అడగ్గానే, "గాజుపెట్టెలో పెట్టారమ్మా. నెల తక్కువ కదా, బలం పుంజుకోవాలి" అన్నాడు. పక్కన భార్య పైట నోట్లో కుక్కుకుని గది బయటికి పరిగెత్తింది. ఒక్క రోజు గడిస్తే చెప్పేద్దాం అనుకున్నాడు. ఆ రోజు గడిచింది. మర్నాడు కూతురు మొహం కాస్త తేటగా ఉంది. ఆ తేట మొహం చూసి ఇంకొక్క రోజు అనుకున్నాడు.

ఆ తర్వాత ప్రతి సాయంత్రం, బిడ్డని చూసొస్తానని వెళ్ళి, వరండా చివర కాసేపు నిలబడి వచ్చేవాడు. వచ్చి కబుర్లు చెప్పేవాడు. ఇవాళ కళ్ళు తెరిచిందమ్మా, నల్లగా ఎంతెంత ఉన్నాయో, దీపం వైపే చూస్తోంది. ఇవాళ నా వేలు పట్టుకుంది, వదలదే! కూతురికి పాలు పడ్డాయి. గుండెలు గట్టిపడిపోయి నొప్పితో పళ్ళు బిగబట్టుకుని, పాలు పిండి చిన్న సీసాలో పోసి ఇచ్చేది. "జాగ్రత్త నాన్నా, ఒలికిపోతాయి" అనేది. ఆ సీసాని రెండు చేతులతో పట్టుకుని వెళ్ళేవాడు. ఖాళీ సీసా తెచ్చిచ్చి, అన్నీ తాగేసిందని చెప్పేవాడు. తడిగుడ్డతో గొంతు కొయ్యడం అంటారే, కోస్తున్నవాడికి కూడా తెలియకుండా జరిగే కోత అది.

ఒకరోజు కూతురు మంచం దిగి, కుట్లు పట్టుకుని, గోడ ఆసరాతో గాజుపెట్టెల గదిదాకా నడిచింది. అక్కడున్న నర్సు ఆమె పేరు అడిగి, కాగితాలు చూసి, "మీ బిడ్డ ఇక్కడ లేదమ్మా" అంది. ఆ పిల్ల ఏ గొడవా చెయ్యలేదు. వచ్చి పడుకుంది. సాయంత్రం ఈయన వచ్చి, "ఇవాళ ఆవలించిందమ్మా, ఇంతే నోరు, ఎంత ముద్దొచ్చిందో" అని మొదలుపెట్టాడు. కూతురు మొత్తం విన్నది. మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక, "అవునా నాన్నా" అంది.

ఆ రెండు మాటలే ఆఖరు. మళ్ళీ ఆయనతో మాట్లాడలేదు. అల్లుడు వచ్చి తీసుకెళ్ళాడు, కొన్ని నెలలకు మళ్ళీ ఓడెక్కాడు, కూతురు మళ్ళీ పుట్టింటికొచ్చింది. తల్లితో మాట్లాడుతుంది, పక్కింటి పిల్లలతో మాట్లాడుతుంది. తండ్రి ఎదురుగా కూర్చుని ఉన్నా, "అమ్మా, నాన్నని భోజనానికి రమ్మను" అంటుంది. కంచం పెడుతుంది, నీళ్ళు పెడుతుంది, చొక్కా చిరిగితే కుడుతుంది. మాట ఒక్కటే లేదు. తిట్టినా బాగుండును అనుకునేవాడాయన. తిట్టాలన్నా ఎదుటి మనిషి మీద కాస్త నమ్మకం ఉండాలని తర్వాత్తర్వాత అర్థమైంది.

ఆ ఏడాదే నిదానం గుడ్లు పెట్టింది.

కొండచిలువ గుడ్లు తెల్లగా, మెత్తటి తోలు సంచుల్లా ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. నిదానం వాటిని మధ్యలో పెట్టుకుని చుట్టలు చుట్టుకుని, పైన తల పెట్టి కూర్చుంది. తిండి మానేసింది. అప్పుడప్పుడూ దాని ఒళ్ళంతా సన్నగా వణికేది. గుడ్లకి వేడి పుట్టించడానికి అది కండరాలని అలా వణికిస్తుంది. ఆయన చుట్ట కింద చెయ్యి పెట్టి చూసేవాడు. ఎప్పుడూ చల్లగా ఉండే ఒళ్ళు వెచ్చగా తగిలేది.

పెద్దసారు గుడ్లు తీసేయమన్నాడు. కొండచిలువలు ఇప్పటికే ఎక్కువైపోయాయి, పెంచడానికి చోటు లేదు, ఎవరిని అడిగినా మాకొద్దంటున్నారు. ఆయన తప్పేం లేదు. జంతువుల డాక్టరమ్మ ఎలా చెయ్యాలో చెప్పింది. "గుడ్లు తీసి చల్లగదికి పంపండి, ఎదగడం ఆగిపోతుంది. ఆ వెంటనే పాముకి గోరువెచ్చటి నీళ్ళతో స్నానం చేయించండి. నాచంతా పారేసి నేల కడిగెయ్యండి. గుడ్ల వాసన మిగలకూడదు. రెండు మూడు రోజులు తిరుగుతుంది, తర్వాత తింటుంది."

"తిరుగుతుందంటే... వెతుకుతుందా అమ్మా?"

"లోపల ఏమనుకుంటుందో నాకు తెలీదండీ. తిరుగుతుంది. అంతవరకే నేను చూశాను."

ఆ తిరగడం చూడలేడాయన. అక్కడే మళ్ళీ తన పాత తెలివి అక్కరకొచ్చింది. పక్షుల విభాగంలో దొంగ గుడ్లని ఉంటాయి. పెద్ద పక్షుల గుడ్లని తీసి మిషనులో పొదిగేటప్పుడు, తల్లి బెంగపడకుండా గూట్లో పెట్టే ప్లాస్టరు గుడ్లు. అక్కడ పనిచేసే పిట్టలావిడని అడిగితే ఒక బుట్టెడు ఇచ్చింది. "పక్షయితే కొన్నాళ్ళు చూసి, ఇవి పిల్లలయ్యేవి కావని తనే లేచిపోతుంది. పాము సంగతి నాకు తెలీదు బాబూ. పాముల పండితుడివి నువ్వు."

పండితుడు నిదానం తల మీద ఎప్పటిలాగే గుడ్డ కప్పాడు. కళ్ళకి చీకటైతే పాము నెమ్మదిస్తుంది. అసలు గుడ్లు తీసేసి, వాటి కింది తడి నాచుతో దొంగ గుడ్లని ఒక్కొక్కటీ రుద్ది, ఆ వాసన పట్టించి, చుట్టల మధ్య సర్దాడు. గుడ్డ తీశాడు. నిదానం నాలుక చాపి వాటిని తాకింది. చుట్ట బిగించింది. వణకడం మొదలుపెట్టింది. స్నానమూ కడగడమూ అన్నీ అయిపోయాయని డాక్టరమ్మకి చెప్పి, ఆ పూట ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాడు.

వారాలు గడిచాయి. నిదానం లేవలేదు, తినలేదు. వెన్నెముక పైకి తేలింది. పక్కల చర్మం వదులై ముడతలు పడింది. ఎంత చిక్కినా ఆ వణుకు మాత్రం మానలేదు. డాక్టరమ్మకి అనుమానం వచ్చి లోపలికొచ్చి చుట్ట కింద చెయ్యి పెట్టింది. గోటితో కొట్టి చూసింది. టకటకమంది. ఈయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"ఇవి పగిలేవి కావు కదండీ. మరి ఇదెప్పుడు లేస్తుంది?" అందావిడ. కేకలెయ్యలేదు. "రేపు తీసెయ్యండి. ఇంకా ఉంచితే చచ్చిపోతుంది."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా అరుగు మీద కూర్చుండిపోయాడు. ఏమైందని భార్య అడిగితే చెప్పాడు. గుడ్లు మార్చింది మొదలు, అంతా. "దానికేం బాధ ఉంటుందండీ? ఏమీ తెలీదని మీరే అంటారుగా. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? లేవండి, భోంచెయ్యండి" అంది ఆవిడ. ఆయన లేవలేదు. "ఇంకా వణుకుతూనే ఉందే అది. రాళ్ళకి వేడి పెడుతోంది" అన్నాడు. లోపల వంటింట్లో కూతురు గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్న అద్దం అవతల జనంలో కూతురు కనిపించింది. గేటు దగ్గర ఆ పిల్లని ఎరగనివాళ్ళు లేరు, ఊరికే లోపలికి వదులుతారు. అయినా చేతిలో టిక్కెట్టు ఉంది. జనం పలచబడ్డాక, వెనకవైపు పనివాళ్ళు వెళ్ళే నడవలోకి వచ్చి, గది తలుపు దగ్గర నిలబడింది. ఆయన చేతిలో పాము తల మీద కప్పే గుడ్డ ఉంది.

"నాన్నా."

ఆయన చెయ్యి ఉన్నచోటే ఆగిపోయింది.

"దాని తల మీద గుడ్డ వెయ్యకు. చూడనీ."

"కరుస్తుందమ్మా."

"కరవనీ."

గుడ్డ తలుపు గడియకి తగిలించి లోపలికి వెళ్ళాడు. చుట్ట విప్పబోతుంటే నిదానం తలెత్తింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన మీదికి నోరు తెరవనిది, ఆ రోజు మోచేతి కింద కరిచి పట్టింది. కొండచిలువకి విషం ఉండదు. కానీ దాని పళ్ళు లోపలికి వంగి ఉంటాయి, లాక్కుంటే కండ చీరుకుపోతుంది. అది వదిలేదాకా కదలకుండా ఉండాలి. అలాగే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నెత్తురు వేళ్ళ దాకా కారి నాచులోకి దిగింది. కూతురు అయ్యో అనలేదు, మొహం తిప్పుకోనూ లేదు. చివరికి అదే వదిలింది. అప్పుడు ఆయన ఒక్కొక్క దొంగ గుడ్డూ దాని కళ్ళ ముందే తీసి బుట్టలో వేశాడు. బుట్ట కూడా దాచలేదు. అది నాలుకతో తడిమి చూసేదాకా దాని పక్కనే ఉంచి, తర్వాత బయటికి తెచ్చి తలుపు వేశాడు.

నిదానం కాసేపు కదల్లేదు. తర్వాత గుడ్లున్న గుంటలో తల పెట్టింది. ముట్టెతో నాచు తోసి కింద చూసింది. నీళ్ళతొట్టి వెనక్కి వెళ్ళింది, మళ్ళీ గుంట దగ్గరికి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది.

నడవలోని బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. కూతురు గడియకి తగిలించిన గుడ్డ తెచ్చి ఆయన చేతికి కట్టు కట్టడం మొదలుపెట్టింది.

"దానికి బాధగా ఉందా నాన్నా?"

ఆయన నాలుక చివర రెండు జవాబులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. జనానికొకటి, కూతురికొకటి. రెండూ మింగేశాడు. "తెలీదమ్మా" అన్నాడు. "దానికేమీ తెలీదని ఊరందరికీ చెప్పాను. నువ్వంటే ప్రాణమని నీకు చెప్పాను. రెండూ తెలిసి చెప్పినవి కాదు. అది వెతుకుతోంది. అంతే నాకు కనబడుతోంది."

కూతురు గుడ్డ ఇంకో చుట్టు తిప్పింది.

"పాలు ఏం చేసేవాడివి?"

ఈ ప్రశ్న ఏదో ఒకనాడు వస్తుందని ఆయనకి తెలుసు. ఏడాదిగా జవాబు తయారుగా పెట్టుకున్నాడు. తల్లి లేని బిడ్డ ఒకటి ఆ ఆసుపత్రిలో ఉందమ్మా, నీ పాలతోనే బతికింది అని చెబుదామనుకున్నాడు. చక్కగా అతికే అబద్ధం. విన్నవాళ్ళెవరైనా కళ్ళు తుడుచుకుని, పోనీలే అనుకునే అబద్ధం. అద్దం అవతల నిదానం మళ్ళీ గుంట దగ్గరికి వచ్చింది.

"సింకులో పోసేశాను" అన్నాడు.

"రోజూనా?"

"రోజూ. పోసి, నీళ్ళు వదిలి, సీసా కడిగి తెచ్చేవాణ్ణి."

కూతురు కట్టు ముడి వెయ్యబోయి వెయ్యలేకపోయింది. ఆయన చేతి మీదే తల వాల్చి ఏడ్చింది. ఆసుపత్రిలో ఏడవని ఏడుపు, ఏడాదంతా లోపలే తొక్కిపెట్టిన ఏడుపు, అంతా ఒక్కసారి బయటికొచ్చింది. ఊరుకోమ్మా అన్న మాట ఆయన నోటిదాకా వచ్చింది. అనలేదు. ఏడవనిచ్చాడు. ఎవరినైనా అలా ఏడవనివ్వడం ఆయనకదే మొదటిసారి.

చాలాసేపటికి తలెత్తి మొహం తుడుచుకుంది. "బిడ్డని చూసింది నువ్వొక్కడివే నాన్నా. ఎత్తుకుందీ నువ్వే. అమ్మ కూడా మొహం చూడలేకపోయానంటోంది. నువ్వు చెప్పినవాటిలో ఏది నిజమో, ఏది నా కోసం అల్లావో నాకు తెలీదు. ఎప్పుడు తలుచుకుందామన్నా నీ అబద్ధాలే కనబడతాయి. నా బిడ్డ మొహం కనబడదు." ఆయన కళ్ళలోకి చూసింది. "ఎలా ఉంది? ఉన్నదే చెప్పు."

ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. కట్టు కట్టిన చెయ్యి, కట్టని చెయ్యి, బిడ్డని పట్టుకున్నట్టే పెట్టుకున్నాడని ఆయనకి తెలీదు.

"జుట్టు ఒత్తుగా ఉందమ్మా. తడిగా నుదుటికి అంటుకుని ఉంది. గోళ్ళున్నాయి, సన్నగా. వేళ్ళు ముడుచుకునే ఉన్నాయి."

"నీ వేలు పట్టుకుందన్నావు."

"పట్టుకోలేదమ్మా. నేనే లోపలికి దూర్చి చూశాను."

"కళ్ళు? నల్లగా ఉన్నాయన్నావు."

"చూళ్ళేదమ్మా. తెరవలేదు."

కూతురు పెదవులు బిగబట్టుకుని తలూపింది. "ఇంకా చెప్పు."

"వెచ్చగా ఉంది. నా చేతుల్లో ఉన్నంతసేపూ వెచ్చగానే ఉంది. అందుకే నర్సుకి వెంటనే ఇవ్వబుద్ధి కాలేదు. ఎడమ చెవి మీద, ఇదిగో ఇక్కడ, చిన్న మడత ఉంది. నీకున్నట్టే."

కూతురి చెయ్యి ఎడమ చెవి మీదికి వెళ్ళి, ఆ మడత దగ్గర అలాగే ఉండిపోయింది.